ఉస్మాన్ సాబ్ తాండా

బోడగుట్ట తాండా ఆడవాళ్లు తమ చెయ్యి ఇద్దరు మగవాళ్లకే ఇస్తారని ఉస్మాన్ సాబ్ ఆదోని బజారులో గొప్పగా చెప్పుకునేవాడు. ఒకడు కట్టుకున్నవాడు, రెండోవాడు తను.

అందులో అబద్ధం లేదు. మీసం రాని వయసులో గాజుల మలారం భుజాన వేసుకుని, తండ్రి వెనకే ఆ తాండాకు మొదటిసారి వెళ్లాడు. అప్పటినుంచి అక్కడ పెళ్లయిన ప్రతి ఆడమనిషికీ గాజులు తొడిగింది ఆయనే. సుగాలీ ఆడవాళ్లు మోచేతి పైన కూడా గాజులు వేసుకుంటారు. అవి ఎక్కించడం తేలిక కాదు. పెళ్లికూతురు భయంతో చెయ్యి బిగబట్టుకుంటుంది. ఆ చెయ్యి మెత్తబడాలంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించాలి. అలా నవ్వించడం కోసమే ఆయన వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి దంచేవాళ్లు వీధివీధినా దొరుకుతారు గానీ, సుగాలీ భాష మాట్లాడే సాబు మాత్రం ఆయనొక్కడే. "రేపు నా తాండాకు పోవాల" అనేవాడు, అదేదో తన పేరున పట్టా ఉన్నట్టు.

ఎనభై ఒకటిలో మద్రాసు నుంచి రాయి కంపెనీ వచ్చింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి లోపలగా ఉన్న ఆ గుట్టలో గులాబీ చారల రాయి ఉందని, దానికి పై దేశాల్లో గిరాకీ అని వాళ్లు కనిపెట్టారు. గుట్ట సర్కారుది. సర్కారు కంపెనీకి ఇచ్చింది. తాతల కాలం నుంచి దాని నీడన మేకలు కాచుకుంటున్న తాండాకు మాత్రం ఆ సంగతి జీపు వచ్చి ఆగిన రోజే తెలిసింది. మేనేజరు వరదరాజన్ దిగి, వచ్చీరాని తెలుగులో ఏదో చెప్పబోతే, మగవాళ్లు కర్రలు పట్టుకుని ఊరకే నిలబడ్డారు. కుక్కలు మాత్రం మాట్లాడాయి.

మర్నాడు మేనేజరు ఆదోని బజారులో విచారించి ఉస్మాన్ సాబ్‌ను జీపులో ఎక్కించుకుని వచ్చాడు.

ఆ రోజు ఉస్మాన్ సాబ్ చాలా చక్కగా మాట్లాడాడు. కంపెనీ ఏం చేస్తుందో, ఏం చేయదో వాళ్ల మాటల్లో చెప్పాడు. తాండా నాయక్ సోమ్లా అడిగినవన్నీ మేనేజరుకు చెప్పాడు. తాండా వాళ్లకే మొదట పని ఇవ్వాలి, బోరు వేయించాలి, మేకల దారి మూయకూడదు. సాయంత్రానికి ఒప్పందం కుదిరింది. కంపెనీ ఆయన్ని తమ మనిషిగా పెట్టుకుంది. తెల్ల చొక్కా, జీపులో ముందు సీటు, ఆదోని టీ కొట్లో "కంపెనీ సాబ్" అనే పిలుపు వచ్చాయి. వారంలో ఒకరోజు మాత్రం మలారం భుజాన వేసుకుని పాత పద్ధతిలోనే తాండాకు నడిచిపోయేవాడు. ఆ పని వదులుకోలేదు.

రెండు వైపులా ఆయన నాలుక మీదే నడిచింది. మేనేజరు కసిరితే ఆ కసురు తీసేసి చెప్పేవాడు. నాయక్ తిడితే ఆ తిట్టు తన దగ్గరే ఉంచుకునేవాడు. మాట మాత్రం మార్చేవాడు కాదు. అందుకే రెండేళ్లపాటు ఆ గుట్ట మీద గొడవంటూ లేదు.

ఎనభై మూడు ఎండాకాలంలో సంతోషమ్మ వచ్చింది.

రాతి పెచ్చులు తగిలి కూలీల చేతులకు, కాళ్లకు గాయాలయ్యేవి. దుమ్ముకు పిల్లలకు దగ్గు పట్టుకునేది. మందులివ్వడానికి ఒక మనిషి కావాలని కంపెనీ ఆమెను తెచ్చింది. గోనెగండ్ల మనిషి, కిరస్తానీ కూలీల బిడ్డ. ఏదో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి, కట్లు కట్టడం, మాత్రలివ్వడం నేర్చుకుంది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో రేకు డబ్బా, అందులో దూది, అయోడిన్, మాత్రలు. ఉస్మాన్ సాబే ఆమెను తాండాకు తీసుకెళ్లి పరిచయం చేశాడు. "మంచి మనిషి. భయపడొద్దు" అని వాళ్ల భాషలో చెప్పాడు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నోసార్లు నాలుక కరుచుకున్నాడు.

నెల తిరక్కుండానే ఒకరోజు ఆయన జీపు దిగేసరికి ఒక్క ఆడమనిషీ ఎదురు రాలేదు. మామూలుగా ఆయన గొంతు వినబడితే చాలు, "సాబ్ భియా వచ్చినాడు" అంటూ గుడిసెల్లోంచి బయటికి వచ్చేవాళ్లు. ఆ రోజు అందరూ సోమ్లా నాయక్ ఇంటి చూరు కింద గుంపుగా ఉన్నారు. నడుమ సంతోషమ్మ. నాయక్ పెళ్లాం జమ్లీబాయి చెయ్యి ఆమె ఒళ్లో ఉంది. సంతోషమ్మ కళ్లు మూసుకుని నాడి చూస్తోంది.

ఉస్మాన్ సాబ్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. తండ్రి సాయం లేకుండా ఆయన తొడిగిన మొదటి పెళ్లి గాజులు జమ్లీవే. అప్పుడు ఇద్దరిదీ ఒకే ఈడు. ఆ చేతి మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఏ ఎముక కాస్త వంకరగా ఉందో ఆయనకు తెలుసు. అలాంటి చేతిని నిన్న గాక మొన్న వచ్చినామె పట్టుకుని కూర్చుంది. జమ్లీ కూడా ఎంత నిమ్మళంగా ఇచ్చేసింది!

"రా సాబన్నా, కూసో" అంది సంతోషమ్మ, కళ్లు తెరిచి. ఆయన తాండాలో ఆయన్నే కూర్చోమంటోంది.

"పనుండాది" అని వెనక్కి తిరిగాడు.

అసలు బాధేమిటంటే, ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఆమె ఏ సందూ ఇచ్చేది కాదు. పెద్దవాడని గౌరవించేది. జీపులో వెనక కూర్చుంటానని తనే అనేది. మేనేజరే, ఆడమనిషి మగ కూలీల నడుమ ఎందుకని, ముందు కూర్చోమన్నాడు. ఉస్మాన్ సాబ్ వెనక్కి మారాడు. వెనక రేకు సీటు మీద ఎగిరెగిరి పడుతూ, ముందు సీట్లో ఆమె కొప్పు చూస్తూ పోవాల్సి వచ్చేది. దారి పొడుగునా ఆమె వెనక్కి తిరిగి, "సాబన్నా, నీళ్లని ఏమంటారు? నొప్పిని ఏమంటారు?" అని అడిగేది.

ఒకసారి, కాన్పు అయిందా అని అడగాలంటే ఎట్లా అని అడిగింది. ఉస్మాన్ సాబ్ మేకలు ఈనడానికి వాడే మాట చెప్పాడు. చెప్పేటప్పుడు మొహంలో ఏ తేడా రానివ్వలేదు.

సంతోషమ్మ పోయి నిండు చూలాలు మంగ్లీని అదే మాటతో అడిగింది. తాండా తాండా అంతా పగలబడి నవ్వింది. మంగ్లీ మేకలా అరిచి చూపించింది. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సంగతి అర్థమయ్యాక సంతోషమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని వాళ్లకంటే ఎక్కువ నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె వాళ్ల మనిషైపోయింది. కనబడితే చాలు, పిల్లలు మేకలా అరిచి ఆమె కొంగు పట్టుకునేవాళ్లు.

ఉస్మాన్ సాబ్ దూరంగా నిలబడి ఆ నవ్వు విన్నాడు. ఇన్నేళ్లు వాళ్లను తను నవ్వించాడు. కానీ తనతో కలిసి వాళ్లెప్పుడూ ఇలా నవ్వలేదని ఆయనకు అప్పుడే తోచింది.

ఇంట్లో జొహరాబీ కంచం ముందు ఆయన్ని పట్టుకుంది.

"ఏమైంది మీకు? అన్నం ముందర పెట్టుకోని ఆ మొగమేంది?"

"కుచ్ నై."

"కుచ్ నై అంటే శానా ఉన్నట్టు. సెప్పండి."

ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మేక మాట సంగతి చెప్పలేదు. జొహరాబీ విని, విని, పక్కున నవ్వింది.

"మీరు నాకు సవతిని తెస్తారేమోనని నేను భయపడాల. మీకే సవతి వచ్చిందా?"

"నవ్వుతావే! అది నా తాండా."

"యాడ మీది? మీరు గాజులమ్ముతారు, వాళ్లు కొంటారు. ఆమె మందులిస్తాంది, వాళ్లు మింగుతాండారు. దీంట్లో మీదేంది, ఆమెదేంది?"

ఆయన కంచం పక్కకు నెట్టి లేచాడు. భార్య చెప్పింది సబబే. సబబైన మాట ఆ మంటను ఇంకా రాజేసింది.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు ఉస్మాన్ సాబ్ ఎప్పట్లాగే గాజుల అంగడి వేయడానికి పోయాడు. ఆ నాలుగు రోజుల్లో మంగ్లీకి కొత్తగా పుట్టిన బిడ్డ జ్వరంతో పోయింది. సంతోషమ్మ తన డబ్బాలోవన్నీ వాడి చూసింది, చివరికి జీపులో ఎమ్మిగనూరు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. సుగాలీలు పెళ్లయినవాళ్లను కాలుస్తారు, పెళ్లి కానివాళ్లను, పసివాళ్లను పూడుస్తారు. ఆడవాళ్లు బిడ్డను ఎత్తుకుని గుట్ట పడమటి వాలుకు పోయారు. సంతోషమ్మనూ వెంట తీసుకుపోయారు. అక్కడ చిన్న గుంత తీసి, పూడ్చి, పైన గుండ్రాళ్లు పేర్చారు. చుట్టూ చూస్తే అలాంటి రాళ్ల కుప్పలు వాలు నిండా ఉన్నాయి. కొన్ని గడ్డి కప్పేసి కనీకనబడకుండా ఉన్నాయి.

కంపెనీ తర్వాత తవ్వబోయేది ఆ పడమటి వాలే. రాయి అక్కడే ఎక్కడా పగులు లేకుండా ఉంది. సంతోషమ్మకు ఆ సంగతి తెలుసు. నేరుగా మేనేజరు దగ్గరికి పోయి చెప్పింది.

వరదరాజన్ చెడ్డవాడు కాదు. కానీ పైనుంచి తొందర ఉంది. హార్బర్లో ఓడ కోసం రాయి పంపాలి. ఉస్మాన్ సాబ్ తిరునాళ్ల నుంచి రాగానే పిలిచాడు.

"సాబ్, పడమటి వాలు మీద పిల్లల గోరీలు ఉన్నాయని ఈ అమ్మ చెబుతున్నది. మీరు ఇన్ని సంవత్సరాలుగా ఎప్పుడూ చెప్పలేదే?"

ఆ వాలు మీదుగానే ఉస్మాన్ సాబ్ ఎన్నోసార్లు నడిచాడు. ఆ రాళ్లు చూశాడు, మేకల మందకు హద్దులేమో అనుకున్నాడు. తెలియదు అంటే ఇన్నేళ్ల పరిచయం ఒక్క మాటతో పోతుంది.

"నాకు తెలియకుండా ఆడ ఏముంటాది సార్? కొత్త మనిషి, ఏదో సూసి ఏదో అనుకోనుంటాది. అడిగొస్తా."

తాండాకు పోయాడు. సోమ్లా నాయక్ మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"నాయకూ, పడమటి వాలు మీద ఏమన్నా ఉండాదా? కంపెనీ అడగమన్నాది."

నాయక్ తాడు పేనడం ఆపాడు.

"ఆ వాలు ఆడోళ్లది. దాని మాట నన్నడగొద్దు. మగోళ్లం మేము దాని గురించి మాట్లాడం. ఆడోళ్లనడుగు పో."

ఆడవాళ్లు అవతలి గుడిసె ముందు ఉన్నారు. ఉస్మాన్ సాబ్ అటు తిరిగి చూశాడు. మంగ్లీ తల సంతోషమ్మ ఒళ్లో ఉంది. జమ్లీబాయి పక్కనే కూర్చుని ఆమెతో నెమ్మదిగా ఏదో చెబుతోంది. అక్కడికి పోయి, అందరి ముందు, "నాకు తెలియదు, చెప్పండి" అని అడగాలి. సంతోషమ్మ వింటూ ఉండగా అడగాలి. బహుశా ఆమే సమాధానం చెబుతుంది, వాళ్ల తరఫున, తనకు!

వచ్చిన దారినే తిరిగిపోయాడు.

"ఏమీ లేదంట సార్" అన్నాడు మేనేజరుతో. అంత పెద్ద అబద్ధం అంత చిన్న మాటలో పట్టింది.

ఆ సాయంత్రం సంతోషమ్మ ఆయన్ని దారిలో కలిసింది.

"సాబన్నా, నాయక్ ఏమీ లేదన్నాడంట, నిజమేనా? నేను నా కండ్లతో సూసినా కదన్నా."

"నువ్వు సూసింది ఒకటి. మంగ్లీ బిడ్డది. తక్కినవి ఉత్త రాళ్లు."

"జమ్లీబాయి ఆడ తనవి రెండుండాయని సెప్పిందన్నా."

ఆ మాటకు ఆయనకు ఒళ్లు మండింది. బిడ్డలు పోయారన్న బాధ కాదు ముందు కలిగింది. జమ్లీ ఆ సంగతి ఈమెకు చెప్పిందే అన్న మంట. "ఎప్పుడొచ్చినావు నువ్వు ఈడికి? నేనెప్పటి నుంచి ఉండాను? నాకంటే నీకెక్కువ తెలుసునా?" అని అరిచాడు.

సంతోషమ్మ డబ్బా చంకలో పెట్టుకుని తాండా వైపు నడిచింది.

రెండో రోజు పొద్దున ట్రాక్టరు కంప్రెసరును పడమటి వాలు మీదికి లాక్కుపోయింది. డ్రిల్లు కొట్టే యేసేపు వెనకే గొట్టాలు మోసుకుంటూ పోయాడు. ఆయన సి.బెళగల్ మనిషి, మాటలు తక్కువ. ఉస్మాన్ సాబ్ కింద నిలబడి చూస్తున్నాడు. కంప్రెసరు చక్రం ఒక రాళ్ల కుప్ప మీదుగా పోయింది. రాళ్లు దొర్లి కిందికొచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. మిషను మోత మొదలైంది.

అప్పుడు తాండా ఆడవాళ్లు వచ్చారు. కేకల్లేవు, తిట్లు లేవు. ఒక్కొక్కరే వాలు ఎక్కి, తలా ఒక చోట కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రతి మనిషీ ఒక రాళ్ల కుప్ప పక్కన కూర్చుంది. కొందరు గడ్డి పక్కకు తోసి, రాళ్లు చేత్తో తడిమి వెతుక్కుని మరీ కూర్చున్నారు. జమ్లీబాయి రెండు కుప్పల నడుమ కూర్చుని చెరొక దాని మీద చెరో చెయ్యి వేసింది. కళ్లు సరిగ్గా కనబడని ముసలామెను కోడలు నడిపించుకొచ్చి ఆమె చోట్లో కూర్చోబెట్టింది. మంగ్లీ చివర వచ్చింది. అంతవరకూ ఉత్త రాళ్ల గుట్టగా కనబడిన వాలు, వాళ్లు కూర్చుంటూ పోయేకొద్దీ ఏమిటో తెలిసివచ్చింది. ఉస్మాన్ సాబ్ ఒక్కొక్క చేతినే చూస్తూ పోయాడు. అన్నీ తను గాజులు తొడిగిన చేతులే.

యేసేపు డ్రిల్లు ఆపేశాడు. ఎవరూ చెప్పలేదు. దొర్లిపోయిన రాళ్ల వంక చూసి, కంప్రెసరు కట్టేసి, తలపాగా విప్పి పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా, ఎందుకాపినావు?" అని మేస్త్రీ కింద నుంచి అరిచాడు.

"ఇంగ నా సేత గాదు. వేరేవాళ్లను సూసుకోండి" అన్నాడు యేసేపు.

మేనేజరు జీపు దిగి పరుగున వచ్చాడు. వాలు చూశాడు. సోమ్లా నాయక్, మగవాళ్లు కింద గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఉస్మాన్ సాబ్, నాయక్ ఏమీ లేదన్నాడని చెప్పారు కదా?"

నాయక్‌కు ఆ మాత్రం తెలుగు తెలుసు. ఆయన ఉస్మాన్ సాబ్ వైపు తిరిగి చూశాడు, అంతే. ఏమీ అనలేదు. ఆయన కాదంటే ఉస్మాన్ సాబ్ ఏదో ఒక వాదన పెట్టుకునేవాడేమో. ఆయన ఊరుకోవడంతో దారి లేకపోయింది.

"నాయక్ అట్ల అనలేదు సార్. ఆడోళ్లనడగమన్నాడు. నేను అడగల్యా."

"ఎందుకు అడగలేదు?"

మందుల డబ్బా పట్టుకుని వాలు మీద మంగ్లీ పక్కన కూర్చున్న మనిషిని చూసి కుళ్లుకున్నానని అంతమంది ముందు ఎట్లా చెబుతాడు?

మేనేజరు ఆయన్ని ఇంకేమీ అడగలేదు. కంప్రెసరు దించేయమన్నాడు. అదీ అంత సులువు కాలేదు. ట్రాక్టరు మళ్లీ వాలు మీదికి రావడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. సంతోషమ్మ వాళ్లతో తన వంకర మాటలతో మాట్లాడి, వచ్చి చెప్పింది: చక్రాలు మట్టి మీద ఆనకూడదు, అడ్డంగా బండ మీదుగా మనుషులే దించాలి. మేనేజరు సరేనన్నాడు. కూలీలు, తాండా మగవాళ్లు తాళ్లు కట్టారు. సోమ్లా నాయక్ ఒక కొస పట్టుకున్నాడు, యేసేపు ఇంకో కొస. వరదరాజన్ కూడా చొక్కా చేతులు మడిచి తాడు పట్టాడు. ఆ ఇనుప మిషనును బండ మీదుగా గజం గజం దించేసరికి పొద్దు వాలింది. ఉస్మాన్ సాబ్ తాడు పట్టబోతే ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆయన పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

దొర్లిన రాళ్లు ఎవరి బిడ్డవో ఎవరికీ తెలియలేదు. ఆ బిడ్డ తల్లి ఎప్పుడో చనిపోయింది. ఆడవాళ్లే మళ్లీ పేర్చారు. పాత పేర్పు లాగా రాలేదు.

మర్నాడు ఉస్మాన్ సాబ్ ఒక్కడే, ఉత్త చేతులతో, జమ్లీబాయి గడపకు పోయాడు. ఆమె జొన్నలు చెరుగుతోంది. కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు.

"నాకెందుకు సెప్పలేదు జమ్లీ?" అన్నాడు వాళ్ల భాషలో. క్షమాపణ చెప్పాలనే వచ్చాడు గానీ నోట్లోంచి ఇదే వచ్చింది. "నీ పెండ్లికి గాజులు తొడిగింది నేను. నీ బిడ్డలు పోయింది నాకు తెలీదు. మొన్న వచ్చినామెకు తెలుసు."

జమ్లీబాయి చేట ఆపింది.

"నువ్వు వస్తే నీ భుజాన ఏముంటాది సాబ్ భియా?"

"మలారం."

"మలారం ముందర సచ్చిపోయిన బిడ్డల మాట ఎవురన్నా ఎత్తుతారా? పెండ్లికి తెస్తావు, సీమంతానికి తెస్తావు. నువ్వొస్తాండావంటే ఏడ్చే ఆడది కూడా మొగం కడుక్కోని కూసుంటాది. నా రెండో బిడ్డ పోయిన వారానికి నువ్వొచ్చినావు. నేను సెయ్యి సాపి నవ్వినా. నీకు గురుతు లేదు."

ఆయనకు గుర్తు లేదు.

"ఆమెది మందుల డబ్బా. దాని ముందర ఏ మాటైనా సెప్పొచ్చు. అంతే. నువ్వు తక్కువని కాదు, ఆమె ఎక్కువని కాదు." మళ్లీ చేట అందుకుంది. "కానీ నువ్వు అడగడానికి రాకుండా తిరిగిపోయినావు సూడు, అది నేను ఈడినుంచే సూసినా. అది మాత్రం నాకు బాగల్యా."

తప్పయిందని ఉస్మాన్ సాబ్ అప్పుడు అన్నాడు. ఆమె చెరుగుతూనే ఉంది.

ఆ వారంలో మేనేజరు జీపును రోడ్డు మీదే ఆపి తాండాకు నడిచి వచ్చాడు. ఈసారి ఆడవాళ్లు కూడా కూర్చున్నారు. పడమటి వాలు జోలికి ఎప్పటికీ రామన్నాడు. తమ పెద్దలకు ఈ మాట నచ్చదనీ, అయినా చెప్పి ఒప్పిస్తాననీ దాచకుండా చెప్పాడు. గుట్టలో ఏ కొత్త వైపుకు కదలాలన్నా ముందు వచ్చి అడుగుతామన్నాడు.

"ఎవురినడుగుతారు?" అంది జమ్లీబాయి.

"నాయక్‌ను."

"నాయక్‌ను అడగండి, మమ్మల్ని కూడా అడగండి. అడిగేటప్పుడు ఈ మందులామె రావాల, సాబ్ భియా కూడా రావాల. ఒకరు సెప్పాల, ఇంగొకరు ఇనాల. సెప్పింది సరిగ్గ సెప్పినారా లేదా అని రెండోవాళ్లు అనాల. అప్పుడే మేము బదులిస్తాం."

మేనేజరు ఒప్పుకున్నాడు. అప్పటికే ఉస్మాన్ సాబ్‌ను తీసేయాలని ఆయన మనసులో ఉండింది. తాండా మాట మీద ఉంచాడు.

అలా ఆ ఇద్దరినీ ఒక కాడికి కట్టినట్టయింది. ప్రతి మంగళవారం కలిసి పోయేవాళ్లు. తూర్పు వైపు తవ్వకం గురించి అడగడానికి పోయిన రోజు సంతోషమ్మ చెప్పింది, ఆయన విన్నాడు. ఆమె మాట ఇంకా కుంటుతూనే ఉంది, కానీ ఒక్క ముక్క కూడా తప్పు లేదు. అందరూ ఆయన వైపు చూశారు.

"సరిగ్గనే సెప్పింది" అన్నాడు. ఆ రెండు మాటలు గొంతు దాటడానికి ముల్లు గుచ్చుకున్నంత పనైంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నా ఆ ముల్లు అరగలేదు. కాస్త మొద్దుబారింది, అంతే.

మద్రాసు పెద్దలు కోపగించుకున్నారు, మంచి రాయి వదిలేశారని. రెండుసార్లు మనుషులు వచ్చి పడమటి వాలు చూసిపోయారు. రెండుసార్లూ వరదరాజన్ వాళ్లను తాండాకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తూర్పు రాయిలో పగుళ్లు ఎక్కువ, రాబడి తగ్గింది. అయినా ఎనభై తొమ్మిదిలో కంపెనీ మిషన్లు ఎత్తుకుని పోయేదాకా ఆ వాలు మీద డ్రిల్లు పడలేదు.

అంతకు ఏడాది ముందు ఒకసారి మేనేజరు ఉస్మాన్ సాబ్‌ను పక్కకు పిలిచాడు. బళ్లారి వైపు కొత్త క్వారీకి సంతోషమ్మను పంపాలనుకుంటున్నామని, ఇక్కడ మీరొక్కరే చూసుకోగలరా అని అడిగాడు. ఎన్నాళ్లుగానో ఉస్మాన్ సాబ్ నమాజులో కూడా అడగడానికి సిగ్గుపడ్డ కోరిక అది. జీపులో ముందు సీటు, ఎదురొచ్చే ఆడవాళ్లు, "సాబ్ భియా వచ్చినాడు" అనే కేక అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

"సూసుకుంటా సార్" అనబోయాడు.

"నాకొక్కనికి కాదు సార్" అన్నాడు. ఎందుకన్నాడో ఇంటికి పోయేదాకా ఆలోచించినా తేలలేదు. జొహరాబీకి మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

ఆ మంగళవారం తాండాకు పోతే ఆడవాళ్లు ఎప్పట్లాగే సంతోషమ్మను లోపలికి లాక్కుపోయారు. కాసేపటికి అక్కడి నుంచి నవ్వులు వినబడ్డాయి. ఉస్మాన్ సాబ్ సోమ్లా నాయక్ మంచం మీద కూర్చుని టీ గ్లాసు చేతిలో తిప్పుతున్నాడు.

"ఇన్నేండ్లయినా ఆమెకు మాట తిరగల్యా నాయకూ. వింటాండావు కదా, ఎంత వంకరగా మాట్లాడుతుందో."

నాయక్ చెవి అటు పెట్టి విన్నాడు.

"వంకరే" అన్నాడు. "అయినా అర్థమవుతాది."

ఉస్మాన్ సాబ్‌కు ఆ మాట నచ్చలేదు. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఇంకో గ్లాసు అడిగాడు.